స్కేల్ మోడల్ మీద పెయింట్, వార్నిష్ పాడైతే: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల రోజులు కూర్చుని అతికించి, గీకి, రంగు వేసిన కిట్ చివరి కోటు దగ్గర పాడైతే ఎంత బాధగా ఉంటుందో నాకు బాగా తెలుసు. నేను ఉండేది వైజాగ్‌లో, సముద్రపు గాలి తిన్నగా ఇంట్లోకి వచ్చే చోట. చేసేవి ఎక్కువగా మన వైమానిక దళం విమానాలు, 1/72 సైజులో. ఇక్కడ జరిగే పొరపాట్లలో సగం గాలిలోని తేమ వల్లే. మిగతా సగం తొందర వల్ల. కింద చెప్పినవన్నీ పాలీస్టైరీన్ ప్లాస్టిక్ కిట్ల గురించి, నేను స్వయంగా చేసి చూసిన పద్ధతుల గురించి.

పెయింట్ పాడైందని కనిపించగానే ముందు ఏం చేయాలి?

మోడల్‌ని కింద పెట్టి, మీద ఒక డబ్బా బోర్లించి, గదిలోంచి బయటికి వచ్చేయండి. నిజంగా ఇదే మొదటి పని. పెయింట్ వల్ల పూర్తిగా పోయిన మోడళ్లు నేను చాలా తక్కువ చూశాను. తడి ఆరకముందే సరిచేయబోయి పోగొట్టుకున్నవి మాత్రం ఎన్నో. పైపొర ఆరినట్టు కనిపించినా లోపల మెత్తగానే ఉంటుంది. దాన్ని గుడ్డతో తుడిస్తే కింది పొర కూడా లేచి వస్తుంది. అప్పుడు ఒక మచ్చ కాస్తా అరచేయంత అవుతుంది.

లాకర్ అయితే కొన్ని గంటలు, అక్రిలిక్ అయితే ఒక రోజు, ఎనామెల్ అయితే కనీసం వారం ఆగాలి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడండి. థిన్నర్ వాసన ఇంకా వస్తుంటే అది ఇంకా ఆరుతోందన్నమాట.

దీనికి మినహాయింపు ఒకటే. బ్రష్ జారి నీళ్ల ఆధారిత రంగు వేరేచోట పడితే, ఆ నిమిషంలోనే తడి బ్రష్‌తో తీసేయవచ్చు.

నేను వాడింది ఏ రకం పెయింటో గుర్తు లేదు. తెలుసుకోవడం ఎలా?

ఈ ఒక్కటి తెలియకుండా ఏ రిపేరూ మొదలుపెట్టకండి. మూడు కుటుంబాలు ఉన్నాయి. వల్లేహో లాంటి అక్రిలిక్ నీళ్లతో పలచబడుతుంది. టామియా అక్రిలిక్ ఆల్కహాల్ రకం థిన్నర్‌తో, అంటే ఎక్స్-20ఎ తోనో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోనో పలచబడుతుంది. హంబ్రాల్ 14 మి.లీ. డబ్బాల్లో వచ్చేది ఎనామెల్, టర్పెంటాయిల్ రకం థిన్నర్‌కి కరుగుతుంది. మిస్టర్ కలర్, టామియా ఎల్‌పీ సీసాలు, టీఎస్ స్ప్రే డబ్బాలు లాకర్. వీటికి ఘాటైన లాకర్ థిన్నర్ కావాలి.

పేరు చూసి మోసపోవడం చాలా తేలిక. ఎయిర్‌ఫిక్స్ గిఫ్ట్ సెట్లలో వచ్చే చిన్న హంబ్రాల్ డబ్బీలు అక్రిలిక్, ఎనామెల్ కాదు. టామియా వాళ్ల అక్రిలిక్‌కీ ఎనామెల్‌కీ ఒకే ఎక్స్, ఎక్స్ఎఫ్ నంబర్లు ఉంటాయి. నంబర్ చూసి కొంటే ఒకదాని బదులు ఇంకొకటి ఇంటికి వస్తుంది. టామియా పీఎస్ స్ప్రేలు రిమోట్ కార్ల పాలీకార్బనేట్ బాడీల కోసం చేసినవి. వాటిని మన కిట్ల మీద అసలు కొట్టకండి, ప్లాస్టిక్‌నే తినేస్తాయి.

గుర్తు లేకపోతే, రెక్క కింద కనిపించని చోట ఇయర్ బడ్‌తో పరీక్షించండి. ముందు టర్పెంటాయిల్ రకం థిన్నర్. రంగు అంటితే ఎనామెల్. అంటకపోతే ఐసోప్రొపైల్. దానికి వెంటనే కరిగితే టామియా రకం అక్రిలిక్, మెత్తబడి పొరలా లేస్తే నీళ్ల అక్రిలిక్. దేనికీ లొంగకపోతే దాదాపుగా లాకరే.

మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టిన పది నిమిషాలకే మోడలంతా పాలు పోసినట్టు తెల్లబడింది. ఇక పోయినట్టేనా?

పోలేదు. నాకు అందరికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మన వైమానిక దళం మిగ్-21 యుద్ధ విమానాలకు వీడ్కోలు చెప్పారు. 1963లో వచ్చిన విమానం, అరవై ఏళ్లు దాటి ఎగిరింది. ఆ రోజుకి నా బైసన్ (మిగ్-21లో ఆధునీకరించిన రకం) మోడల్ పూర్తి కావాలని ముందు రోజు రాత్రి, వాన పడుతుండగా, స్ప్రే డబ్బాతో మ్యాట్ కొట్టాను. నా కళ్లముందే బూడిద రంగు విమానం మంచు పట్టినట్టు అయిపోయింది.

థిన్నర్ వేగంగా ఆవిరయ్యేటప్పుడు ఆ ఉపరితలం చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చల్లని గ్లాసు బయట చెమట పట్టినట్టే మోడల్ మీదా నీటి బిందువులు చేరతాయి. ఆ నీరు వార్నిష్ పొరలో ఇరుక్కుంటుంది. అదే ఆ తెలుపు. లాకర్ స్ప్రేలు చాలా త్వరగా ఆరతాయి కాబట్టి వాటికే ఇది ఎక్కువ.

మందు కూడా అక్కడే ఉంది. పొర మళ్లీ కొంచెం మెత్తబడి నిదానంగా ఆరితే లోపలి తేమ బయటికి పోతుంది. ఒక రోజు ఆగండి. గాలి పొడిగా ఉన్న పూట చూసుకుని, లాకర్ వార్నిష్ అయితే మిస్టర్ కలర్ లెవెలింగ్ థిన్నర్‌ని ఎయిర్‌బ్రష్‌తో (కంప్రెసర్ గాలితో రంగు చిమ్మే చిన్న స్ప్రే పెన్నుతో) మంచులా, దూరం నుంచి, పలచగా కొట్టండి. అందులో ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ ఉంటుంది. తడిసి ముద్దయ్యేలా కొట్టకండి. కింద ఉన్న రంగు కరిగిపోతుంది. ఒకటి రెండు పలచని కోట్లకే రంగు తిరిగి కనిపించడం మొదలవుతుంది. నా బైసన్ నాలుగు రోజుల తర్వాత ఇలాగే బయటపడింది.

తెలుపుకి ఇంకో కారణం కూడా ఉంది. మ్యాట్ వార్నిష్‌లో మెరుపు తగ్గించేందుకు సన్నని సిలికా పొడి కలుపుతారు. మందంగా కొట్టినా, సీసా అడుగున పేరుకున్నది సరిగా కలపకపోయినా ఆ పొడి పైకి తేలి సున్నం పూసినట్టు కనిపిస్తుంది. ముఖ్యంగా మూలల్లో, ప్యానెల్ గీతల్లో (విమానం రేకుల అతుకులు చూపే సన్నని గాడుల్లో). దీనికి థిన్నర్ పనిచేయదు. బాగా ఆరాక మీద గ్లాస్ క్లియర్, అంటే మెరిసే పారదర్శక వార్నిష్, ఒక కోటు వేయండి. పొడి చుట్టూ క్లియర్ నిండగానే అది పారదర్శకం అవుతుంది. ఆ తర్వాత మళ్లీ మ్యాట్, ఈసారి రెండు పలచని కోట్లుగా.

ఏది కారణమో తెలియాలంటే ఆ చోట ఒక చుక్క నీళ్లు పెట్టండి. తడిగా ఉన్నంతసేపూ అసలు రంగు కనిపించి, ఆరగానే మళ్లీ తెల్లబడితే సాధారణంగా గ్లాస్ కోటుతోనే పోతుంది. నీళ్లతో ఏ మార్పూ లేకపోతే తెలుపు పొర లోపల ఉందన్నమాట.

అయితే కోస్తాలో ఉండేవాళ్లు వానాకాలంలో వార్నిష్ వేయకూడదా?

వేయవచ్చు, గాలి చూసుకుని. తక్కువ ఖర్చులో దొరికే తేమ మీటర్ ఒకటి కొనుక్కోండి. 60 శాతం లోపుంటే నిశ్చింతగా కొట్టండి. 75 దాటితే లాకర్ జోలికి వెళ్లకండి. వైజాగ్‌లో జూన్ నుంచి అక్టోబర్ దాకా పొడి గాలి ఉన్న పూట కోసం కాచుకోవాల్సిందే. ఏసీ గదిలో గంటసేపు తేమ తగ్గించి, మోడల్‌ని కూడా ఆ గదిలోనే ఉంచి, ఆ తర్వాత కొట్టడం నాకు బాగా కుదిరిన పద్ధతి. కంప్రెసర్‌కి నీటి ట్రాప్ తప్పనిసరి. గొట్టంలోంచి వచ్చే ఒక్క నీటి చుక్క రెక్క మీద గుండ్రటి మచ్చ వేస్తుంది.

హైదరాబాద్ ఎండాకాలంలో దీనికి పూర్తి తలకిందులు. గాలి ఎంత పొడిగా ఉంటుందంటే అక్రిలిక్ ఎయిర్‌బ్రష్ సూది మొనమీదే ఆరిపోతుంది, లేదా మోడల్‌ని చేరేలోగా పొడి అయిపోయి గరుకుగా పడుతుంది. అక్కడివాళ్లు రిటార్డర్ రెండు చుక్కలు కలిపి, దగ్గర నుంచి, తక్కువ ఒత్తిడితో, 15 పీఎస్ఐ చుట్టుపక్కల, కొట్టుకోవాలి.

మ్యాట్ వేశాను, కానీ మెరుస్తూనే ఉంది.

సీసా సరిగా కలపలేదు. అడుగున ఉన్న పొడిని పుల్లతో గీకి, రెండు నిమిషాలు ఊపి, మళ్లీ ఒక కోటు.

వేలిముద్ర పడింది. తీయగలమా?

తీయగలం. పూర్తిగా గట్టిపడేదాకా ఆగి, 2000 నంబర్ వాటర్ పేపర్‌ని (తడిపి రుద్దే ఉప్పుకాగితం, నంబర్ పెరిగేకొద్దీ నునుపు) నీళ్లలో తడిపి, ఒక చుక్క సబ్బు వేసి, ముద్ర గట్లు పోయేదాకా గుండ్రంగా కాక ఒకే దిశలో రుద్దండి. అంచుల దగ్గర వేలికి బదులు చిన్న స్పాంజి ముక్క పెట్టండి, లేకపోతే ప్లాస్టిక్ బయటపడుతుంది. ఆ తర్వాత ఆ ఒక్క ప్యానెల్‌కే రంగు. ప్యానెల్ గీతల దగ్గర ఆపితే కొత్త రంగు అతుకు కనిపించదు. ఇది చాలా రిపేర్లకు పనికొచ్చే సంగతి: మచ్చకి కాదు, ప్యానెల్‌కి రంగు వేయండి.

దుమ్ము, వెంట్రుక అంటుకుంది.

తడిలో పట్టకారుతో లాగకండి. ఆరాక 2000 పేపర్‌తో రెండు రుద్దులు. కొట్టే ముందు ఫ్యాన్ ఆపండి, నేల తడిగుడ్డతో తుడవండి, ఉన్ని బట్టలు వేసుకోకండి.

పెయింట్ కారి చార కట్టింది. ఇంకోచోట కమలాపండు తొక్కలా గుంటలు గుంటలుగా వచ్చింది.

రెండూ ఒకే సమస్యకి రెండు చివరలు. చార అంటే పెయింట్ ఎక్కువ తడిగా, ఎక్కువ దగ్గర నుంచి పడింది. తొక్కలా రావడమంటే సమానంగా పరుచుకునేలోపే ఆరిపోయింది. చిక్కదనం, లేదా ఒత్తిడి ఎక్కువ కావడం కారణం.

చారకి రెండు మూడు రోజులు ఇవ్వండి. పైన ఆరినా లావుగా ఉన్న చోట లోపల మెత్తగానే ఉంటుంది. తర్వాత చెక్క ముక్కకి చుట్టిన 1000 పేపర్‌తో గట్టు వరకే రుద్ది, 2000తో నునుపు చేసి, మళ్లీ రంగు.

తొక్కలాంటి గుంటలు కార్ మోడళ్ల మీద బాగా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. గ్లాస్ క్లియర్ తగినంత మందంగా ఉంటే అంతా తిరిగి చేయనక్కరలేదు. 2000, ఆపైన 4000 దాకా తడి పేపర్, తర్వాత పాలిషింగ్ కాంపౌండ్. టామియాలో కోర్స్, ఫైన్, ఫినిష్ అని మూడు రకాలు వస్తాయి, అదే వరసలో వాడండి. పదునైన అంచుల మీద మాస్కింగ్ టేప్ అంటించి రుద్దితే అక్కడ రంగు అరిగిపోదు. ఈ పని ఓపిక తింటుంది, కానీ చివర్లో ట్యూబ్‌లైట్ ప్రతిబింబం వంకర లేకుండా కనిపించినప్పుడు కలిగే సంతోషం ఇంకే పనిలోనూ నాకు దొరకలేదు.

బ్రష్‌తో రెండో కోటు వేస్తుంటే మొదటి కోటు లేచి వస్తోంది.

టామియా అక్రిలిక్ స్వభావమే అది. రెండో కోటులోని ఆల్కహాల్ మొదటి దాన్ని కరిగిస్తుంది. 24 గంటలు ఆగి, గట్లు రుద్ది, వాళ్ల పెయింట్ రిటార్డర్ కొంచెం కలిపి, వెడల్పు బ్రష్‌తో ఒక్కసారే లాగండి. వెళ్లిన చోటికి మళ్లీ బ్రష్ తీసుకెళ్లొద్దు. బ్రష్ మాత్రమే వాడేవాళ్లకి నా సలహా వల్లేహో. కొత్తగా మొదలుపెట్టే పిల్లలకి కూడా అదే.

మాస్కింగ్ టేప్ తీస్తే కింది రంగు కూడా ఊడివచ్చింది.

కింద పట్టు లేదు. ఫ్యాక్టరీలో అచ్చులోంచి ముక్కలు సులభంగా ఊడేందుకు వాడే జిడ్డు ప్లాస్టిక్ మీద మిగిలి ఉంటుంది, మన వేళ్ల నూనె దానికి తోడు. గోరువెచ్చని నీళ్లలో సబ్బుతో కడిగి, ప్రైమర్ (రంగు పట్టు కోసం ముందు వేసే పొర) వేసి ఉంటే ఇలా రాదు.

ఇప్పుడు చేయాల్సింది: ఊడిన చోటి అంచులో ఒక మెట్టు ఉంటుంది. దాని మీదే రంగు వేస్తే వార్నిష్ కింద కూడా ఆ మెట్టు కనిపిస్తూనే ఉంటుంది. 1500 పేపర్‌తో ఆ అంచుని గోటికి తగలనంతగా పలచన చేయండి. పలచని ప్రైమర్, మళ్లీ 2000, తర్వాత రంగు. ఇంకోసారి టేప్ వేసేముందు దాన్ని ఒకసారి చేతి వెనక అంటించి తీయండి, జిగురు బలం తగ్గుతుంది. తీసేటప్పుడు నిలువుగా లాగకుండా, టేప్‌ని తనమీదికే మడుస్తూ నెమ్మదిగా తీయాలి.

టేప్ కింద నుంచి రంగు పాకింది.

టూత్‌పిక్ మొనని చెక్కి, దాని పెయింట్‌కి సరిపోయే థిన్నర్‌లో ముంచి, టిష్యూ మీద ఒత్తి, దాదాపు పొడిగా ఉండగా పాకిన చోట గీకండి. కింది రంగు వేరే కుటుంబం అయితే ఇది చాలా శుభ్రంగా వస్తుంది. రెండూ ఒకే రకమైతే గీకకండి, చిన్న బ్రష్‌తో కింది రంగు మళ్లీ వేయడం మేలు. ఇకముందు టేప్ వేశాక అంచు వెంట ముందు కింది రంగునే ఒక పలచని కోటు కొట్టండి. ఏది పాకినా అదే రంగు పాకుతుంది.

పెయింట్ ఎండిన చెరువులా పగిలిపోయింది.

కింద మెత్తని పొర, మీద ఘాటైన పొర. ఎనామెల్ మీద లాకర్ వేస్తే ఇదే జరుగుతుంది. పై లాకర్ థిన్నర్ కింది ఎనామెల్‌ని ఉబ్బించి పగలగొడుతుంది. లాకర్ మీద అక్రిలిక్, దాని మీద ఎనామెల్ అయితే భయం లేదు. పగుళ్లు పడ్డ పొరని రుద్ది నునుపు చేయడం దాదాపు వృథా శ్రమ. ఆ భాగం మొత్తం తీసేసి మళ్లీ వేయండి. ఎలాగో కింద చెప్పాను.

డెకాల్ (నీళ్లలో నానబెట్టి మోడల్ మీద అంటించే గుర్తుల పలచని పొర) కింద వెండిలా మెరుస్తోంది.

గరుకుగా ఉన్న మ్యాట్ రంగు మీద డెకాల్ వేస్తే కింద గాలి చిక్కుకుంటుంది. పల్చని సూదితో ఆ చోట నాలుగైదు పొడుపులు పొడిచి, డెకాల్‌ని మెత్తబరిచే మైక్రో సోల్ అనే ద్రవం ఒక చుక్క పెట్టి వదిలేయండి. డెకాల్ ముడతలు పడితే కంగారు పడకండి, చేయి పెట్టకండి, ఆరేసరికి సర్దుకుంటుంది. అవసరమైతే మర్నాడు మళ్లీ. మీద వార్నిష్ పడిపోయినా పొడుపుల్లోంచి మందు కొంతవరకు దిగుతుంది, కాకపోతే ఎక్కువసార్లు చేయాలి. రౌండెల్ (వైమానిక దళం గుండ్రటి గుర్తు) చుట్టూ ఉన్న పారదర్శక అంచు మాత్రమే మెరుస్తుంటే, దాని మీద విమానం రంగునే సన్నని బ్రష్‌తో వేసేయడం అన్నిటికన్నా తేలిక.

కాక్‌పిట్ అద్దం మసకబారింది, దాని మీద రంగు కూడా పడింది.

అద్దానికి లాకర్ థిన్నర్ తగలనివ్వకండి. ముందు ఏ ద్రవమూ లేకుండా పొడి టూత్‌పిక్‌తో గీకి చూడండి, అక్రిలిక్ చాలావరకు పొట్టులా లేస్తుంది. మిగిలినదానికి తడి ఇయర్ బడ్ చాలు.

మసక సాధారణంగా సూపర్ గ్లూ ఆవిరి వల్ల వస్తుంది. ఫైన్ కాంపౌండ్‌తో, తర్వాత ఫినిష్‌తో పాలిష్ చేసి, గ్లాస్ క్లియర్‌లో ముంచి, మూల నుంచి టిష్యూతో అదనపు చుక్క పీల్చేసి, దుమ్ము పడకుండా మూతపెట్టి ఒక రోజు ఆరనివ్వండి. లోపలి వైపు మసకబారి, అద్దం ఇప్పటికే అతికించేసి ఉంటే, దాన్ని జాగ్రత్తగా ఊడదీయక తప్పదు. అద్దాలకి మొదటినుంచీ తెల్ల ఫెవికాల్ లాంటి జిగురు వాడితే ఈ బాధ ఉండదు, ఊడదీయడమూ సులువు.

వాష్ (గీతలు తేలి కనిపించేందుకు వేసే బాగా పలచని ముదురు రంగు) వేస్తే కింది రంగు కరిగిపోయింది.

ఎనామెల్ వాష్‌ని ఎనామెల్ రంగు మీద, మధ్యలో క్లియర్ లేకుండా వేసి ఉంటారు. వెంటనే తుడవడం ఆపి, వారం ఆరనిచ్చి, ఆ ప్యానెల్ మళ్లీ వేయండి. తర్వాత అక్రిలిక్ గ్లాస్ క్లియర్ వేసి వాష్ చేయండి.

వెండి రంగు మీద మ్యాట్ వేస్తే బూడిద రంగైపోయింది.

మిగ్-21 ఎఫ్ఎల్ లాంటి రంగు వేయని లోహపు విమానం చేసేవాళ్లకి ఇది పెద్ద దెబ్బ. మ్యాట్ వార్నిష్ కాంతిని చెదరగొడుతుంది, లోహం మెరుపంతా పోతుంది. మీద గ్లాస్ వేస్తే కొంత తిరిగి వస్తుంది. నాకు అది ఎప్పుడూ పూర్తిగా తృప్తినివ్వలేదు. ప్రధానమైన ప్యానెళ్లని మాస్క్ చేసి వెండి రంగు తిరిగి వేయడమే మంచిది. లోహపు రంగులకి వార్నిష్ డెకాల్స్ ఉన్న మేరకే, అదీ గ్లాస్ లేదా సెమీ గ్లాస్.

పది రోజులైనా జిగటగానే ఉంది.

ఎనామెల్ డబ్బా సరిగా కలపకపోతే ఇలా అవుతుంది. అట్టపెట్టెలో ఒక పాత ఫిలమెంట్ బల్బు వెలిగించి, మోడల్‌ని దూరంగా పెట్టి, గోరువెచ్చగా రెండు మూడు రోజులు ఉంచండి. దగ్గరుండి చూసుకోండి. చేయి పెడితే వెచ్చగా అనిపించాలి, వేడిగా కాదు. హెయిర్ డ్రయర్, ఎండలో నిలిపిన కారు వద్దు. సన్నని రెక్కలు వంకర తిరిగిపోతాయి. అప్పటికీ జిగట పోకపోతే తీసేయండి.

మొత్తం పెయింట్ తీసేయాలంటే?

టామియా అక్రిలిక్‌కి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మొబైల్ రిపేర్ సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది. మూత ఉన్న డబ్బాలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే గంటలో చాలావరకు పోతుంది. నీళ్ల అక్రిలిక్‌కి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. చిక్కటి డెటాల్‌లో రాత్రంతా నానబెట్టడం కూడా పనిచేస్తుంది. కానీ డెటాల్‌లో ఉండగా నీళ్లు తగలనివ్వకండి, పెయింటంతా బంకలా మారి గీతల్లో ఇరుక్కుంటుంది. డెటాల్‌తోనే రుద్ది శుభ్రం చేసి, రంగంతా పోయాకే సబ్బు నీళ్లు. చేతులకి గ్లవ్స్ వేసుకోండి.

హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎన్‌సీ థిన్నర్, అసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్, పెట్రోల్ వాడకండి. రంగుతోపాటు ప్లాస్టిక్ కూడా కరుగుతుంది. ఎన్‌సీ థిన్నర్‌ని ఎయిర్‌బ్రష్ లోహపు భాగాలు కడగడానికి ఉంచుకోండి. బ్రేక్ ఆయిల్‌తో తీసేవాళ్లు ఉన్నారు. విషం, పారబోయడానికీ చోటు ఉండదు, నేను ఇంట్లోకి రానివ్వను.

ఇంట్లో ఈ పనులు చేయడం ప్రమాదమా?

జాగ్రత్త లేకపోతే ప్రమాదమే. మామూలు గుడ్డ మాస్క్, దుమ్ము మాస్క్ థిన్నర్ ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కావాలి. కిటికీ తెరవండి. గ్యాస్ స్టవ్ మండుతున్న వంటగది పక్కన, దీపం వెలుగుతున్న దేవుడి గదికి దగ్గర్లో స్ప్రే చేయకండి, ఆ ఆవిరి అంటుకుంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో థిన్నర్‌ని నీళ్ల సీసాలో పోసి ఉంచడం ఎప్పుడూ, ఎప్పుడూ వద్దు.

చాలా ఏళ్ల కిందటి మోడల్ మీద వార్నిష్ పసుపు పట్టింది. బాగుచేయవచ్చా?

ఎనామెల్ వార్నిష్‌లు కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతాయి, తెల్ల విమానాల మీద ఎక్కువగా తెలుస్తుంది. దాన్ని తీస్తే కింది డెకాల్స్ కూడా పోతాయి. అందుకని ముందు తడి ఇయర్ బడ్‌తో, ఒక చుక్క సబ్బుతో, చిన్న చోట తుడిచి చూడండి. పసుపనుకున్నది చాలాసార్లు వంటింటి పొగ, దుమ్ము కలిసిన జిడ్డు. నా దగ్గరికి మా మేనమామ తెచ్చిన పాత స్పిట్‌ఫైర్ అలాగే వచ్చింది. నలభై ఇయర్ బడ్లు పట్టాయి. కింద రంగు, ఆయన పద్నాలుగేళ్లప్పుడు చేత్తో వేసిన బ్రష్ గీతలతో సహా, చెక్కుచెదరకుండా ఉంది. దాని మీద నేను కొత్త వార్నిష్ వేయలేదు.